నోట్లో నాలుక

"చెల్లెలి ఇంటికి మరమ్మతులట. రెండు నెలలు వాళ్లంతా ఇక్కడే ఉంటారు. అందరం అనుకున్నాం," అన్నాడు భర్త, తాగిన కప్పు సింకులో పెడుతూ. అందరం అంటే ముందుగదిలో కూర్చున్నవాళ్లు. కప్పులు కడుగుతున్న ఆమె ఆ లెక్కలోకి రాదు. "సరే," అంది. "మా కోడలికి నోట్లో నాలుక లేదు," అని అత్తగారు ఫోనులో ఎవరితోనో మురిసిపోతున్నారు. పెళ్లైన కొత్తలో ఆ మాటకు పొంగిపోయేది. ఇప్పుడు నాలుకతో పళ్ల వెనక ఓసారి తడిమి చూసుకుంది. ఉంది.

ఆమె బస్సు డిపోలో అకౌంట్స్ ఆఫీసరు. ఆ రోజు కొత్త డ్రైవరును ఎంపిక చేసే ఐదుగురిలో ఒకతె. చివరికి మిగిలింది ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇరుకు మలుపులో అమ్మాయి బస్సును వెనక్కి నడిపి గోడకు జానెడు దూరంలో ఆపడం అందరూ చూశారు. అబ్బాయి హద్దుకు పెట్టిన డ్రమ్ములు పడగొట్టాడు.

"అమ్మాయి బాగానే నడిపింది. కానీ రాత్రి డ్యూటీలు, పిల్లాజెల్లా... మనకెందుకొచ్చిన తలనొప్పి?" అన్నాడు మేనేజరు.

"అంతే సార్," అన్నాడు పక్కన కూర్చున్న పర్సనెల్ ఆఫీసరు. ట్రాఫిక్ ఆఫీసరు తలూపాడు. తర్వాతి వంతు ఆమెది. 'సరే' అంటే టీ తాగి లేచి పోవచ్చు. కానీ ఆ 'మనకెందుకు'లోనూ తను లేనని తోచింది.

"నేను ఒప్పుకోను సార్," అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. "రాత్రి డ్యూటీ చేస్తావా అని ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?"

ఐదో మనిషి, హెడ్ మెకానిక్, గొంతు సవరించుకున్నాడు. "నేనూ అదే అనుకున్నానమ్మా. ముగ్గురూ ఒక్క మాట మీదున్నారు కదాని ఊరుకుందామనుకున్నా."

ట్రాఫిక్ ఆఫీసరు చెవి గోక్కున్నాడు. "నిజానికి నాకూ అమ్మాయే నచ్చింది. సార్ అలా అన్నారని..."

ఆమెకు నవ్వొచ్చింది. ముగ్గురికి ఇష్టంలేని పని ఐదుగురి తీర్మానం కాబోయింది. అమ్మాయిని పిలుచుకొచ్చేలోగా భర్తకు మెసేజ్ పెట్టింది: 'పొద్దున సరే అన్నాను గానీ, మీ చెల్లెలి సంగతి నేనింకా ఒప్పుకోలేదు. సాయంత్రం నన్ను కూర్చోబెట్టుకుని మాట్లాడండి.'

"ఇన్నాళ్లూ లారీ నడిపింది రాత్రిళ్లేనండి," అంది అమ్మాయి.

ఆ అమ్మాయి బయటికి వెళ్లాక మేనేజరు ముఖం ముడుచుకునే కలం తీశాడు. "సరే. ఏకగ్రీవంగా ఎంపిక చేశాం అని రాసేద్దాం. మర్యాదగా ఉంటుంది."

"వద్దు సార్. ముగ్గురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు అని రాయండి."

"మీ మాటే నెగ్గింది కదమ్మా, ఇంకా ఎందుకు?"

"రేపు నేనొక్కదాన్నే కాదన్నా, అదీ రాయాలి కదండీ."