గుండుసూదులూ దారమూ

"ఈ పాఠం నీకక్కర్లేదమ్మా. గ్రాఫులు గీసే లెక్కలు నువ్వు చెయ్యనవసరం లేదు. పోయి లైబ్రరీలో కూర్చో," అన్నారు లెక్కల మాస్టారు.

గువ్వకి చూపు లేదు. తొమ్మిదో తరగతి మొత్తంలో అలాంటిది తనొక్కతే. కసురుకుంటే ఎదురు చెప్పేదేమో. మాస్టారు ప్రేమగా అన్నారు, లేచి బయటికొచ్చింది. గోడ పట్టుకుని వరండాలో నడుస్తుంటే వెనక తరగతంతా గొల్లుమని నవ్వింది. తన గురించి కాదని తెలిసినా చెవులు వేడెక్కాయి.

ఇంట్లో బట్టలు కుట్టే అత్త ఈ సంగతి విని మిషను ఆపింది. "నాకు లెక్కల్లో ఓనమాలు రావే తల్లీ. ఏం కావాలో చెప్పు, కుట్టిపెడతా."

గువ్వ అడిగినట్టే అత్త గుడ్డ మీద అడ్డంగా, నిలువుగా అంగుళానికో కుట్టు వేసింది. మధ్యలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, సున్నా దగ్గర కలిసేలా రెండు లావుపాటి కుట్లు. ఆ గుడ్డని దళసరి అట్ట మీద పరుచుకుని గువ్వ లెక్క మొదలెట్టింది. మూడు ఎక్స్‌లూ రెండు వైలూ కలిపితే పన్నెండు. ఎక్స్ సున్నా అయితే వై ఆరు. నిలువు కుట్టు వెంట ఆరు గళ్లు పైకి తడిమి గుండుసూది గుచ్చింది. వై సున్నా అయితే ఎక్స్ నాలుగు. కుడికి నాలుగు గళ్లు, ఇంకో సూది. రెంటికీ దారం బిగించింది.

దారం మీద వేలు జార్చింది. కుడికి రెండు గళ్లు పోతే కిందికి మూడు. మళ్లీ రెండు, మళ్లీ మూడు. వాలంటే ఇదన్నమాట!

"అత్తా, చూడు!"

"ఎంత బాగుందే!" అంది అత్త. ఆ గొంతులో మురిపెమే తప్ప అర్థమైన జాడ లేదు. గువ్వ అట్ట ఒళ్లో పెట్టుకుంది.

మర్నాడు మాస్టారు అట్ట అందుకుని దారం వెంట వేలు జార్చి చూశారు. "శభాష్! ఇక్కడే కూర్చోమ్మా, ఎక్కడికీ వెళ్లకు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అట్ట బెంచీలన్నీ తిరిగి, ఒక సూది పోగొట్టుకుని వచ్చింది. గువ్వ సంచిలో ఇంకో నాలుగున్నాయి. ఆపైన జంటలు జంటలుగా ఎవరి గ్రాఫు కాగితం మీదికి వాళ్లు వంగారు. గువ్వ బెంచీలో పక్కచోటు ఖాళీ.

కొత్త లెక్క: రెండు ఎక్స్‌ల్లోంచి ఒకటనే సంఖ్య తీసేస్తే వై. నిలువు కుట్టు మీద సున్నాకి ఒక గడి కింద సూది. అక్కణ్ణించి కుడికి ఒకటి, పైకి రెండు. ఇంకో సూది. దారం.

"అయిపోయింది సార్," అంది.

"నాదీ అయింది," అన్నారెవరో వెనక నుంచి.

ఏడాదంతా ఒకే గదిలో కూర్చున్నా, ఆ గొంతు ఎవరిదో గువ్వకి తెలీదు. తల అటు తిప్పి, "నీ గీత పైకెళ్లిందా, కిందికా?" అని అడిగింది.