ఆకులు రాలిన కాడలు

2023 నవంబరు 28, మంగళవారం. ఆ మధ్యాహ్నం చారన్నం, అప్పడం తిన్నాను. తరువాత, కార్తీక దీపం పండక్కి పక్కింటివాళ్లు ఇచ్చిన బొరుగుల ఉండల్లో ఒకటి కొరుకుతూ కూర్చున్నాను. నా భార్య రంజని ఉన్నప్పుడు నాలుగు ఉండలు ఇచ్చేవాళ్లు. ఆమె పోయి మూడేళ్లయినా ఇప్పటికీ నాలుగే ఇస్తారు.

అప్పుడే కడంబత్తూరులో ఆర్కిడ్లు పెంచే సుమతి ఫోనులో ఒక ఫొటో పంపింది. గోనెపట్ట మీద కోసిన ఆర్కిడ్ కాడల కుప్ప. కింద ఆమె గొంతు: "సార్, మీరు రాసిచ్చిన కాయితం చూసి పాత కాడలు కోసి కవాత్తు ముగించినాము. మున్నూరు కుండీలు. మామ కూడా చెయ్యి వేసినాడు."

ఉండ సగం నోట్లో ఉండగానే నేను లేచి చొక్కా వేసుకున్నాను.

తిరుత్తణి కాలేజీలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. మా రైలు దారి వెంబడి కొందరు రైతులు నీడవలల కింద డెండ్రోబియం ఆర్కిడ్లు పెంచడం మొదలుపెట్టారు. మొక్కలతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అందులోని మాటలకు అర్థాలు రాసివ్వమని అడిగితే, ముప్పైనాలుగు మాటలకు నాలుగు పేజీలు రాసిచ్చాను. ఎడమవైపు తెలుగు, కుడివైపు తమిళం. మావాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, చిన్నవాళ్లకు చదవడం తమిళంలోనే సులువు.

బ్యాక్‌బల్బ్ అన్న మాటకు ఇలా రాశాను: "పాత కాడ. ఆకులు రాలిపోయి ఉంటుంది. మళ్లీ పూయదు."

పరీక్షలో అయితే రెండుకు రెండు మార్కులు వేస్తాను. కానీ సుమతివాళ్లు మల్లెతోట మనుషులు. ఏటా ఈ రోజుల్లోనే మల్లెకు కవాత్తు చేస్తారు, అంటే పాత కొమ్మలు కత్తిరిస్తారు. అలా చేస్తేనే చిగురు, చిగురుకే మొగ్గ. ఆకు లేనిదీ, పూయనిదీ కనబడితే ఏం చేయాలో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆర్కిడ్ సంగతి వేరు. దాని పాత కాడ నీళ్ల కుండ, గింజల గాదె. కొత్త చిగురు బతికేది దాని మీదే.

ఆ మాట నేను రాయలేదు. రంజని ఉన్న రోజుల్లో నేను రాసినదేదైనా ముందు ఆమే చదివేది. చదివి, "సరే, దీన్ని ఏం చేసేది?" అని అడిగేది. నేను విసుక్కుని, మరో రెండు వాక్యాలు చేర్చేవాణ్ణి. ఈ నాలుగు పేజీలను అలా అడిగినవాళ్లు లేరు.

లోకల్ రైల్లో జామకాయలమ్మే ఆవిడ తన గంప ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది. దారంతా సుమతి మామ తణికాచలం పెట్టిన షరతే తలుచుకున్నాను. రెండేళ్లు కోడలు బతిమాలితే ఆయన పది సెంట్ల మల్లె తీసేసి నీడవలకు చోటిచ్చాడు. "వచ్చే ఆడి కృత్తిక దాకా చూస్తా. పువ్వు రాకుంటే వల పీకి మళ్లీ మల్లె పెడతా" అన్నాడు. అది జూలై ఆఖరులో తిరుత్తణి కొండ మీద జరిగే పండగ.

నన్ను చూడగానే ఆయనే ఎదురొచ్చాడు. "రా అయ్యోరా. ఎట్లా క్షవరం చేసినామో చూడు."

సుమతి నవ్వింది. నా ముఖం చూసి ఆపేసింది.

"తప్పు నాదమ్మా, అవి కొయ్యకూడదు" అని, కారణం చెప్పాను.

"పూయదని మీరే కదా సార్ రాసినారు."

"రాసినా. ఉంచమని రాయలా. అదే తప్పు."

తణికాచలం కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. "అంటే ఆడికి పువ్వు రాదు" అన్నాడు.

"కొన్నిటికి వస్తాది. చానా వాటికి రాదు."

"సరి. చెప్పిన మాట మాటే."

సుమతి తలెత్తి వల వైపు చూసింది. ఆ గుంజలన్నీ తనే దగ్గరుండి పాతించింది.

"కోసిన కాడలు యాడ పెట్టినారు?" అన్నాను.

"కొట్టం పక్కన సార్. ఆవుకి వేస్తే ముట్టలా."

"ఆవుకుండే బుద్ధి మనకు లేకపాయ" అన్నాడు తణికాచలం.

ఆవు ముట్టనందుకు మనసులోనే దానికి దండం పెట్టుకున్నాను. ఒక కాడ తీసి గోటితో గీరాను. లోపల ఇంకా పచ్చగానే ఉంది. "ఇదో, నోడ్ అని రాసింది దీన్నే. కణుపు. దీని పక్కన కన్ను చూడండి. తడిలో పెడితే ఇందులోంచి కొత్త మొక్క లేస్తాది."

తణికాచలం కాడ తీసుకుని బొటనవేలితో తడిమాడు. వయసులో ఆయన చెరుకు వేసినవాడు. "ఇది నాటే చెరుకు ముచ్చె మాదిరి గదా" అన్నాడు. "కన్ను పైకా, పక్కకా?"

నాకు తెలియదు. కాలేజీలో బొమ్మ గీయించాను గానీ ఎప్పుడూ నాటలేదు. "చెరుకులో ఎట్లా పెడతావు?" అని అడిగాను.

"పక్కకి."

"అట్లే పెట్టు."

"ఓహో. ఇప్పుడు అయ్యోరు ఎవరు?" అంటూ ఆయన కత్తి తెచ్చి ముక్కలు కొట్టసాగాడు. సుమతి కోసిన కొసలకు పసుపు అద్దింది. నేను ట్రేల్లో తడి కొబ్బరిపొట్టు పరిచాను. చీకటిపడే వేళకు ముక్కలన్నీ వరసగా పడుకున్నాయి.

వారానికే తుఫాను వచ్చింది. రైళ్లు ఆగిపోయాయి. ఫోను కలిసిన రోజు సుమతి చెప్పింది: "మామ తన బండి మీది పట్టా తీసి ట్రేలకు కప్పేసినాడు సార్. బండి తడిసినా పరవాలేదంట."

మాసి నెలలో, అంటే ఫిబ్రవరి ఆఖరుకు, కణుపుల కళ్లు పగిలాయి. ముందు ఒక పచ్చని ముల్లు, తరువాత రెండు ఆకులు, కింద తెల్లని వేళ్లు. కాడ మీద ఇలా పుట్టే మొక్కను పెంపకందార్లు కేకీ అంటారు. హవాయి దీవుల భాషలో పిల్ల అని అర్థం. ఆ నెలలోనే నా కాయితాలు తిరగరాశాను. ఈసారి మూడో గడి గీశాను, "ఏం చేయాలి" అని. సుమతి చెబుతుంటే రాశాను. పాత కాడ దగ్గరికి రాగానే ఆమె, "ఆకు లేదు, పువ్వు లేదు, ఇంటికి బువ్వ పెట్టేది మాత్రం అదే అని రాయండి సార్. మా మామ మాదిరి" అంది.

"వింటాండా" అన్నాడు బయటి నుంచి తణికాచలం.

ఆడి కృత్తిక ముందురోజు మళ్లీ కడంబత్తూరు వెళ్లాను. తిరుత్తణి వచ్చే రైళ్లన్నీ కావళ్లతో కిక్కిరిసి ఉన్నాయి. నేను ఎదురు దిక్కున పోతున్నాను కనుక పెట్టె అంతా నాదే. వలలో మున్నూరు కుండీలకు పంతొమ్మిదే పూసి ఉన్నాయి. బల్లల మీద పిల్లమొక్కలు మాత్రం నాలుగు వందలకు పైనే ఉన్నాయి. సుమతి టీ ఇచ్చింది. గడువు మాట ఎత్తలేదు.

సాయంత్రం తణికాచలం మల్లెతోట నుంచి వచ్చి వరసల మధ్య నడిచాడు. "ఇంతేనా పువ్వు?"

"ఇంతే మామా" అంది సుమతి.

ఆయన పిల్లమొక్కల దగ్గర వంగి, ఒక కుండీని కొంచెం నీడలోకి జరిపాడు. "ఇవి ఎప్పుడు పూస్తాయి?"

"రెండేండ్లు పడతాది" అన్నాను.

"నేను పెట్టిన ముచ్చెలకా?"

"ఆఁ. నువ్వు పెట్టినవే."

ఆయన ఇంకో రెండు కుండీలు జరిపాడు. సుమతి ఖాళీ గ్లాసులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి ఆయన మూలకు చెయ్యి చూపాడు. "ఆ తట్టు వల చినిగింది. వచ్చే ఆదివారం కుట్టల్ల. దారం తెచ్చిపెట్టు."

"సరి మామా" అంది సుమతి. గ్లాసులు కడగడానికి గబగబా ఇంట్లోకి వెళ్లింది.

పొద్దు గూకింది. మేకలు ఇళ్లకు మళ్లే వేళ. నేను వల బయటికి వచ్చాక తణికాచలం లోపలికి ఒకసారి తొంగిచూసి, వెదురు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, కమ్మీ కొక్కెం తగిలించాడు.