ఈ నెల ఉత్తమ నర్సు

నేను పనిచేసే నర్సింగ్‌హోమ్‌లో నా నోటి నుంచి ఎక్కువగా వచ్చిన మాట "డాక్టరుగారు వస్తున్నారు" అన్నదే. రోగి అడిగినా, రోగి చుట్టం అడిగినా అదే పాట. ఏళ్ళ తరబడి చేతులు పని నేర్చుకున్నాయి గానీ నోటికి ఎదుగూబొదుగూ లేదు. రిటైరయ్యేదాకా ఇంతేనేమోనని భయం పట్టుకుంది. నర్సుగా ఎదిగే వీలున్న ఆసుపత్రి వెతుక్కుంటానని ఇంట్లో చెప్పేశాను.

చెప్పడమే పాపం, ఇంటిల్లిపాదీ నిపుణులైపోయారు. మా ఆయన లిఫ్టులు ఎన్ని ఉన్నాయో చూడమన్నారు. మా అత్తగారి మనసు ఊళ్ళో ఉన్న పెద్ద అద్దాల ఆసుపత్రి మీద పడింది. ఆవిడ ఒకసారి ఎవరినో పలకరించడానికి అక్కడికి వెళ్ళి, ఏసీకి మురిసిపోయి, రోగిని చూడకుండానే లాబీలో కూర్చుని వచ్చేశారు.

"అక్కడ చేరవే అమ్మాయ్, నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది" అన్నారు.

ఇంటర్వ్యూకి రమ్మన్న రెండు ఆసుపత్రుల్లో ముందు అక్కడికే వెళ్ళాను. హెచ్.ఆర్. మేడమ్ తప్పిపోయిన చెల్లెలు దొరికినంత సంబరపడింది.

"మేం స్టాఫ్ అనమండీ, ఫ్యామిలీ అంటాం" అంది. ఆ ఫ్యామిలీకి యోగా గది కూడా ఉంది, తాళం వేసి ఉంది. "మా నర్సుల ఎదుగుదలకి హద్దే లేదు. ముందు వార్డు, తర్వాత బిల్లింగ్ కౌంటరు, ఆ తర్వాత నాలాగా ఈ సీటు."

"మీరు కూడా నర్సేనా?"

"ఒకప్పుడు లెండి" అంది గర్వంగా.

అంటే అక్కడ ఎదగడమంటే రోగికి దూరం జరగడమన్నమాట. పాత సిస్టర్ ఎవరితోనైనా మాట్లాడతానన్నాను. మేడమ్ చాలాసేపు ఫోన్లు చేసి ఒకమ్మాయిని పిలిపించింది. ఆ సీనియర్ సిస్టర్ మెడలో ట్రైనీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది.

వార్డు చూస్తుండగా ఒక పెద్దాయన మంచం దిగబోయి తూలారు. దగ్గర్లో నర్సన్న మనిషి లేదు. కుచ్చెళ్ళు దోపుకుని పరుగెత్తి పట్టుకుని కూర్చోబెట్టాను. వెనక్కి తిరిగేసరికి మేడమ్ ఫోన్లో ఫొటో తీసేసింది.

"అద్భుతం! ఈ నెల ఉత్తమ నర్సు మీరే!"

"నేనింకా చేరలేదండీ."

"చేరినవాళ్ళెవరూ నెలాఖరుదాకా ఉండట్లేదండీ" అనేసి నాలుక కరుచుకుంది.

సాయంత్రానికి నా ఫొటో వాళ్ళ లాబీలో పెద్ద తెర మీదికి ఎక్కింది. ఆ సంగతి తెలిసి మా అత్తగారు వీధంతా చాటింపు వేసేశారు. ఇక రెండో ఆసుపత్రి దేనికని మా ఆయన కూడా గొణిగారు. వస్తానని మాటిచ్చాను కాబట్టి మర్నాడు వెళ్ళాను.

అక్కడ గోడల సున్నం రాలుతోంది. మేట్రన్ నా ముఖం కూడా చూడలేదు.

"ఇంటర్వ్యూ తర్వాత. ఇది రౌండ్స్ టైము. వెనకాల రా."

నాకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను. మొదటి మంచం దగ్గర డాక్టరు ఫైలు తెరవకుండానే నర్సు వైపు తిరిగి, "చెప్పండి సిస్టర్" అన్నాడు. రేపు ఇంటికి పంపొద్దని, మనిషి ఇంకా నడవలేకపోతున్నాడని ఆమె చెప్పింది. డాక్టరు సరేనని రాసుకున్నాడు. కొంపలేమీ మునగలేదు. నర్సు చెప్పాకే డాక్టరు నోరు విప్పడం అక్కడి పద్ధతట.

రెండో మంచం దగ్గర డాక్టరు నన్ను కొత్త నర్సనుకున్నాడు.

"మీరేం గమనించారు సిస్టర్?"

నా నోరు పెగల్లేదు.

"నోరు లేదా? చెప్పు" అని కసిరింది మేట్రన్.

"కుడికాలు ఎడమదానికన్నా వాచినట్టుందండీ" అన్నాను.

డాక్టరు దుప్పటి ఇంకాస్త పైకి తీసి, ఒంగి, రెండు కాళ్ళూ పోల్చి చూశాడు. వెంటనే స్కాన్ చేయించమన్నాడు. నాకు సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తారేమోనని కిటికీ వైపు తిరిగాను.

ఇంటికొచ్చి, అక్కడే చేరుతున్నానని చెప్పాను.

"ఏముందే అక్కడ?" అన్నారు అత్తగారు.

"ఏమీ లేదత్తయ్యా. లిఫ్టు కూడా పనిచెయ్యడం లేదు."

"వాళ్ళేమో చేరకముందే బిరుదిచ్చారు" అన్నారు మా ఆయన. "వీళ్ళేం చేశారని?"

"నన్ను అడిగారండీ. ఏం గమనించావని నన్ను అడిగారు."

ఆయన నా వైపు తిరిగారు.

"మరి నువ్వేం చెప్పావ్?" అన్నారు.

పెళ్ళయినప్పటి నుంచీ నా పని గురించి ఆయన ఒక మాట అడగడం అదే మొదటిసారి.