కుందేళ్ళకు తెలిసిన మాట

జగ్గారావు తెల్లచొక్కాకి హైమవతి ఇస్త్రీ చేస్తోంది. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, అంచుని పట్టకారుతో పట్టుకుని, కాలరు మీద నొక్కి నొక్కి రుద్దుతోంది. కాలరు నిలబడకపోతే ఆయనగారి మెడ నిలబడదు మరి. అందులోనూ ఆ సాయంత్రం ఆ మెడలో దండ పడబోతోంది. రైల్వే వారోత్సవాల్లో వర్క్‌షాపు మొత్తం మీద టైము తప్పని మనిషిగా ఆయన్ని ఎంచారు. ఎమర్జెన్సీ రోజులు. రైళ్ళూ మనుషులూ టైముకి నడవాలని ఖరగ్‌పూర్‌లో ఖాళీ గోడ కనిపిస్తే చాలు రాసేస్తున్నారు. అలాంటప్పుడు ఏళ్ళ తరబడి ఒక్క పూట కూడా సైరనుకి వెనకపడని ఫిట్టరు దొరికితే పెద్దసాహెబులు వదులుతారా!

"పెళ్ళాల్ని కూడా స్టేజీ ఎక్కిస్తారంట. రెండు ముక్కలు సెప్పమంటే సెప్పాల, బెదిరిపోకు," అన్నాడు జగ్గారావు అద్దంలో మీసం సరిచూసుకుంటూ.

"ఏటి సెప్పాలి?"

"ఏటుంది? మా ఆయన టైమంటే టైమే అను. సాలు."

హైమవతి చెంబు పక్కన పెట్టి చొక్కా దులిపింది. టైమంటే టైమే. నిజమే, కాదన్నదెవరు? మధ్యాహ్నం సైరను మోగిందంటే వర్క్‌షాపు గేట్లు తెరుచుకుని సైకిళ్ళన్నీ ఊరి మీద పడతాయి. జగ్గారావు సైకిలు సుభాష్‌పల్లిలో ఇంటి ముందు ఆగేసరికి పీట, పీట ముందు కంచం, కంచంలో పొగలు కక్కే అన్నం ఉండాలి. తిని, ఒక పావుగంట నడుం వాల్చి, మళ్ళీ సైరనుకి గేటు దగ్గరుండాలి. చీకటితో లేచి బొగ్గుల పొయ్యి రాజేసింది హైమవతి, ఆయన్ని తట్టి లేపింది హైమవతి, సైకిలు టైర్లలో గాలి సరిపోయిందో లేదో నొక్కి చూసింది కూడా హైమవతే. దండ మాత్రం ఆయనకి. పోనీలే, ఆ మెడ కూడా మన ఇంట్లోదే కదా అని సరిపెట్టుకుంది.

కానీ ఆ రోజు మనసు సరిపెట్టుకోలేదు. నాలుగు రోజుల కిందట కృపమ్మ వచ్చి వెళ్ళినప్పటి నుంచీ అది కుదురుగా లేదు. కృపమ్మ సెలైన్ కంపెనీలో సీసాలు కడుగుతుంది. ఆమె మొగుడు ఆమోసు వర్క్‌షాపులో జగ్గారావు పక్క బెంచీ మనిషి. "హైమక్కా, పనిలోకి కొత్త పిల్లలొచ్చినారు. కుందేళ్ళు ఆళ్ళ సేతుల్లో ఒకటే గిలగిల. బిమల్ బాబు నిన్ను రమ్మంటన్నాడు. నెల్లాళ్ళు నేర్పితే సాలంట," అంది కృపమ్మ. "ఇప్పుడేటి నేర్పుతాను కృపా, మరిసిపోనాను," అంది హైమవతి. అబద్ధం. ఏదీ మరిచిపోలేదు.

ఆ కంపెనీ ప్రేమ్ బజార్ దాటాక ఉంది. పదహారేళ్ళ కిందట అది రెండు రేకుల షెడ్లు, వాటి మధ్య ఒక పంపు, అంతే. హాల్దార్ బాబు అనే పెద్దాయన కలకత్తా ఉద్యోగం మానేసి వచ్చి దాన్ని మొదలుపెట్టాడు. వర్క్‌షాపు కూలీ నూకయ్య కూతురు బియ్యెస్సీ చదివిందని విని, ఇంటికొచ్చి మరీ అడిగాడు. అప్పటికే హైమవతికి పెళ్ళయింది, చంకన పిల్లాడున్నాడు. పొద్దున పూట మాత్రమే, మధ్యాహ్నం సైరనుకి ఇంటికొచ్చేయాలి అన్న ఒప్పందం మీద జగ్గారావు పంపించాడు.

పని ఇదీ. సెలైన్ మనిషి నరంలోకి పోయేది. అందులో కంటికి కనపడని మలినం ఏమాత్రం ఉన్నా రోగికి చలీ జ్వరం ముంచుకొస్తాయి. అందుకని ముందు మూడు కుందేళ్ళ చెవి నరాల్లోకి కొద్దిగా ఎక్కించి, మూడు గంటల పాటు థర్మామీటరు పెట్టి వాటి ఒంటి వేడి చూస్తూ కూర్చోవాలి. వేడి పెరిగితే ఆ సరుకు పనికిరాదు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా కుందేలుతోనే. అది ఉత్త పిరికిది. పట్టుకున్న చెయ్యి బెదిరితే అదీ బెదురుతుంది, బెదిరితే సెలైన్ ఎంత శుభ్రంగా ఉన్నా దాని ఒళ్ళు వేడెక్కుతుంది. హైమవతి చేతిలో మాత్రం కుందేళ్ళు కళ్ళు మూసుకుని కూర్చునేవి. బిమల్ అనే కుర్రాడికీ మరో ముగ్గురికీ ఆ పట్టు నేర్పింది ఆవిడే.

ఇంట్లో అత్తగారు చిట్టెమ్మ ఇరుగుపొరుగుల్ని పోగేసి నవ్వించేది. "మా కోడలుది పెద్ద ఉద్దోగమే అమ్మా! కుందేలు ముడ్డిలో పుల్లెట్టి తీస్తాది. దానికి బియ్యెస్సీ సదవాలంట!" అందరూ నవ్వితే హైమవతి కూడా నవ్వేది. నవ్వకపోతే పొగరంటారు.

ఒకరోజు హాల్దార్ బాబు పిలిచాడు. పరీక్షలకి విడిగా ఒక డిపార్టుమెంటు పెడుతున్నానని, దాన్ని నడపాల్సింది నువ్వేనని చెప్పాడు. కలకత్తా నుంచి పెద్ద డాక్టర్లు వచ్చి పరీక్ష చూస్తారు, వాళ్ళకి నచ్చితే కంపెనీ పెద్దదవుతుంది, ఇన్‌ఛార్జి కుర్చీ నీది అన్నాడు. అయితే సాయంత్రం దాకా ఉండాలి. ఆ కుర్చీ కావాలనిపించింది హైమవతికి. పైకి చెప్పుకోడానికి సిగ్గుపడేంతగా కావాలనిపించింది. తలుపు మీద తన పేరు, పేరు పక్కన బియ్యెస్సీ, ఆ కింద ఇన్‌ఛార్జి అని రాసి ఉన్నట్టు బియ్యం ఏరుతూ ఎన్నిసార్లు ఊహించుకుందో!

జగ్గారావుకి చెప్పింది. ఆయన కోప్పడలేదు. "ఎల్లు. నాను వద్దన్నానేటి?" అన్నాడు.

ఆ మాటలో తెలివి చూడండి. వద్దంటే ఏడవచ్చు, పోట్లాడవచ్చు, పుట్టింటికెళ్ళి నూకయ్యని తీసుకొచ్చి పంచాయితీ పెట్టించవచ్చు. వద్దనలేదే! ఇక దేని మీద పోట్లాడుతుంది?

కలకత్తా డాక్టర్లు వచ్చే రోజు పొద్దున్న చద్దన్నంలో మజ్జిగ పోసి, నంజుకోడానికి ఉల్లిపాయ పెట్టింది. జగ్గారావు రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, మళ్ళీ కంచంలో వదిలేశాడు. చెంబెత్తి కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. అన్నమంతా నీళ్ళలో తేలింది. "ఇన్‌ఛార్జమ్మగారికి ఆలీసమైపోతాది, ఎల్లెల్లు. మజ్జానం మా యమ్మ పెడతాదిలే, కళ్ళు కానకపోయినా," అన్నాడు. అంతే. అరవలేదు, కొట్టలేదు. చొక్కా తొడుక్కుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

హైమవతి ఆ కంచం ఎత్తి, నీళ్ళు వంచేసి అన్నం ఆవుకి పడేసి, కంచం తోమి, బోర్లించి వెళ్ళింది. దారంతా తనకి తను చెప్పుకుంది, ఏమంత పెద్ద సంగతి, ఏమీ కాలేదు అని. మనసు నమ్మింది. చెయ్యి నమ్మలేదు. మొదటి కుందేలు చెవి పట్టుకోగానే వేళ్ళు వణికాయి. కుందేలు కళ్ళు పెద్దవి చేసి చూసింది. కోటు గుండీలు పెట్టుకున్న డాక్టర్ల ముందు మూడింటికి మూడు కుందేళ్ళూ వేడెక్కిపోయాయి.

డాక్టర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హాల్దార్ బాబు నల్లబడిపోయి, సీసాలు సరిగ్గా కడగలేదని కృపమ్మ మీద విరుచుకుపడ్డాడు. కృపమ్మ తల దించుకుని నిలబడింది. తిట్లు పడుతూనే హైమవతి చేతులకేసి చూసింది. ఒక్క మాట అంటే చాలు. బాబూ, సీసాల తప్పు కాదు, ఈ రోజు నా చెయ్యి బాగోలేదు, రేపు మళ్ళీ చేద్దాం. ఇంతే కదా! అంటే ఎందుకు బాగోలేదని అడుగుతారు. మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడండీ అని కలకత్తా డాక్టర్లకి ఎలా చెబుతుంది? అదొక కారణమా? ఈలోగా మధ్యాహ్నం సైరను వినిపించింది. కాళ్ళు వాటంతటవే ఇంటి దారి పట్టాయి.

మర్నాడు అదే సరుకుని బిమల్ వేరే కుందేళ్ళతో పరీక్షించాడు. వేడి పెరగలేదు. హాల్దార్ బాబు మంచివాడు. వాళ్ళు వచ్చే నెల మళ్ళీ వస్తారు, కుర్చీ ఇప్పటికీ నీదే అన్నాడు. హైమవతి తల అడ్డంగా ఊపింది. ప్రతి నెలా అలాంటి పొద్దు ఒకటి వస్తుంది, ప్రతిసారీ కృపమ్మ తిట్లు తింటుంది అనిపించింది. "నాకొద్దు బాబూ. ఇంట్లో కుదరదు," అంది. తన నోటితో తనే అంది. తలుపు మీద బిమల్ పేరు రాశారు. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ పొద్దున పూట పని కూడా మానేసింది.

ఆ తర్వాత ఆ కథ జగ్గారావుది అయిపోయింది. చుట్టాలొచ్చినా, పూరీ గేట్ దగ్గర టీ తాగుతున్నా అదే మాట. "మా ఇంటిదానికి ఆఫీసరు పోస్టు ఇస్తామంటే, అదే తన్నీసింది. నా కోసం!" ఆయన చెబుతున్నప్పుడల్లా హైమవతి తల ఊపేది. అలా ఊపి ఊపి, కొన్నాళ్ళకి తనకీ అదే నిజమనిపించసాగింది.

వారోత్సవాల సాయంత్రం స్టేజీ మీద సాహెబు జగ్గారావుకి దండేసి, పెద్ద గోడ గడియారం బహుమానం ఇచ్చాడు. ఇంత టైము ఎలా పాటించావని అడిగాడు. జగ్గారావు మైకు పట్టుకుని, అబ్బో, ఎంత పొంగిపోయాడో! "అంతా మా ఇంటిది, సార్! దానికి కంపెనీలో ఇన్‌ఛార్జి పోస్టు ఇస్తామన్నారు. నాకు అన్నానికి ఆలీసమవుతాదని అదే వద్దనీసింది. కావాలంటే అడగండి, నాను వద్దన్నానేటి?" అని మైకు ఆవిడ చేతికిచ్చాడు.

"లేదు. ఆయన వద్దనలేదు," అంది హైమవతి. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా నిలబడింది. "ఎప్పుడూ వద్దనలేదు. వద్దనుంటే బాగుణ్ణు, దెబ్బలాడుదును. ఆ పొద్దున్న ఈయన తింటన్న కంచంలో సెయ్యి కడిగీసుకున్నారు. ఆ సంగతి నాను ఎవరికీ సెప్పలేదు. కుందేళ్ళకి మాత్రం తెలిసిపోనాది."

కుందేళ్ళనగానే కుర్రాళ్ళు నవ్వారు. సాహెబుకి అర్థం కాక ఆయన కూడా నవ్వాడు. ఆమోసు పక్కన కూర్చున్న కృపమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. జగ్గారావు మెడలో దండ సర్దుకుంటూ కిందికి దిగిపోయాడు.

"నలుగుర్లో పరువు తీసినావు," అన్నాడు ఇంటికొచ్చాక.

మర్నాడు పొద్దున్న కొత్త గడియారం గోడెక్కింది. దాని కింద పీట మీద జగ్గారావు కూర్చున్నాడు. హైమవతి చద్దన్నం పెట్టి, "ఇయ్యాళ కంపెనీకి ఎల్తన్నాను. బిమల్ బాబు పిల్లలకి నేర్పమన్నాడు," అంది.

"మజ్జానం అన్నమో?"

"వండి మూతెట్టినాను. ఎట్టుకుని తినండి."

ఆయన ఆవిడ మొహం చూశాడు. గడియారం చూశాడు. చెంబెత్తి కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "ఎల్లు. నాను వద్దన్నానేటి?"

ఆ కంచం ఎత్తలేదు హైమవతి. దాటుకుని వెళ్ళి చెప్పులేసుకుంది.

కంపెనీ గుర్తుపట్టలేనంత పెరిగింది. జుట్టు నెరిసిన బిమల్ ఎదురొచ్చి, "రండి దీదీ," అని లోపలికి తీసుకెళ్ళాడు. అతని తలుపు మీద పేరు ఎండకి వెలిసి ఉంది. ఆ తలుపు దాటుతుంటే హైమవతికి ఏడుపొచ్చింది. ఈ గదిలో తను కూర్చుని ఉండేది. ఇంతమందికి జీవితమంతా నేర్పి ఉండేది. నెల్లాళ్ళ పనికి వచ్చింది ఇప్పుడు.

లోపల కొత్త పిల్లలు, తెలుగువాళ్ళూ బెంగాలీలూ, తలొక కుందేలు పెట్టె ముందు నిలబడి ఉన్నారు. హైమవతి ఒక పెట్టెలోకి చెయ్యి పెట్టింది. వణుకుతోంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే వణుకు. ఆ కంచంలోని మెతుకుల్ని ఇక్కడిదాకా మోసుకొచ్చినట్టే ఉంది. కుందేలు కళ్ళు పెద్దవి చేసింది. మెల్లగా చెయ్యి బయటికి తీసి, అందరికీ కనపడేలా చాపింది.

"సూడండమ్మా, నా సెయ్యి బాగునేదు. పొద్దున్న మా ఆయన కంచంలో సెయ్యి కడిగీసుకున్నారు. అందుకే ఈ వణుకు. ఇయ్యాళ నాను కుందేల్ని ముట్టుకోను, రేపు సేద్దాం. మీరు ముందు ఈ మాట అనడం నేర్సుకోండి. ఎవరున్నా సరే, గట్టిగా అనండి. కుందేల్ని తరవాత పట్టుకుందురు గాని."

గుమ్మంలో నిలబడ్డ బిమల్ వింటూండగానే అదే మాట బెంగాలీలో మళ్ళీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. చివరి పెట్టె దగ్గర నుదుట పెద్ద బొట్టు పెట్టుకున్న బెంగాలీ పిల్ల పెట్టెలోంచి తన చెయ్యి కూడా బయటికి తీసుకుని, "నాదీ బాగోలేదు దీదీ," అంది.