ఫ్లెక్సీ మూలన ఫోటో

హైదరాబాదులో మీటింగు ముగించుకుని వస్తుంటే బస్సు ప్రజ్ఞాపూర్ దగ్గర ఆగింది. అనసూర్య కిటికీలోంచి చూసి, నోట్లో పోసుకున్న నీళ్లు మింగలేకపోయింది. రోడ్డు పక్కన ఇంత ఎత్తు ఫ్లెక్సీ. నడిమధ్య మార్తా నవ్వుతోంది. పక్కన తెల్లచొక్కాలో, ఆ పిల్ల ఉంటున్న ఇంటి యజమాని భూపతి. కింద ఎర్రటి అక్షరాల్లో "విదేశీయులు సైతం మెచ్చిన మా వెంచర్. కొన్ని ప్లాట్లే మిగిలాయి!" అని ఉంది. మూలన ఇంకేవో బొమ్మలున్నాయిగానీ బస్సు కదిలిపోయింది. పోలండ్ నుంచి చదువుకోవడానికి వచ్చిన పదహారేళ్ల పిల్లను ప్లాట్లు అమ్మడానికి నిలబెట్టాడా పెద్దమనిషి!

ఆ పిల్ల మంచిచెడ్డలు చూడాల్సింది అనసూర్యే. ఇరవై ఏళ్లుగా సిద్దిపేటలో ఇంగ్లిషు టీచరు. విదేశీ హైస్కూలు పిల్లల్ని ఏడాదిపాటు మన ఇళ్లలో ఉంచి చదివించే సంస్థ ఒకటి మొన్న జూన్‌లో ఆమెను లోకల్ కోఆర్డినేటర్‌గా పెట్టుకుంది. మంచి ఇల్లు వెతకాలి, కాలేజీలో చేర్పించాలి, నెలకోసారి వెళ్లి పిల్లతో ఒంటరిగా మాట్లాడి రిపోర్టు పంపాలి. ఐడీ కార్డు మెళ్లో పడిన రోజు ఆమె అద్దం ముందు ఎంతసేపు నిలబడిందో చెబితే ఇప్పుడు కొట్టడానికి వస్తుంది.

అప్పుడు పిల్లను ఉంచుకుంటామని ముందుకొచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు ప్లాట్ల వ్యాపారం చేసే భూపతి. మూడంతస్తుల ఇల్లు, పైన ఏసీ గది. రెండో మనిషి హుస్నాబీ, పాత బస్టాండు వెనక బట్టలు కుడుతుంది. రెండు గదుల ఇల్లు, మార్తా ఈడు కూతురు ఫరీహా. సంస్థ అడిగేది పిల్లకు వేరే మంచం మాత్రమే, వేరే గది కాదు. అది అనసూర్యకు కంఠతా వచ్చు. అయినా హుస్నాబీ ఇంట్లో ఫోటోలు తీస్తున్నంతసేపూ ఆమె చూపు పెచ్చులూడిన గోడల మీదే ఉంది. "జాగ సరిపోదమ్మా" అనేసి, ఇచ్చిన చాయ్ సగం వదిలి లేచింది.

బస్సు దిగి నేరుగా భూపతి ఇంటికి వెళ్లింది. హాల్లో నలుగురు మగవాళ్లు సోఫాల్లో పరుచుకుని కూర్చున్నారు. మార్తా పట్టుచీరలో, స్వీట్ల ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది.

"బేటా, సార్లకు నమస్తే చెప్పు" అన్నాడు భూపతి. ఆ పిల్ల చెప్పింది. అందరూ పకపకా నవ్వారు. ఒకాయన లేచి భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగాడు. ఇంకొకాయన లడ్డూ తిన్న చేత్తోనే ఆమె జడ పట్టుకుని, "గిది ఒరిజినలేనా?" అని లాగి చూశాడు. సంతలో గేదె పళ్లు చూసినట్టే చూశాడు, ఛీ! మార్తా నవ్వు అలాగే ఉంది. ప్లేటు మాత్రం తనకు అడ్డంగా పట్టుకుంది.

"చెయ్యి తియ్యున్రి!" అని అరిచింది అనసూర్య. అతను జడ వదిలేశాడు. ఆమె భూపతి వైపు తిరిగింది. "ఆ ఫ్లెక్సీ ఏంది? ఎవర్నడిగి పెట్టిన్రు?"

భూపతి తొణకలేదు. "గదేంది మేడం, ఫోటో పంపింది మీరే గదా! మీది గూడ ఏసిన, సూడలేదా?" అని ఫోను చూపించాడు. ఫ్లెక్సీ మూలన గుండ్రంలో అనసూర్య, నెమలికంఠం రంగు చీరలో. "లొల్లి చెయ్యకున్రి. రిపోర్టుల అంత మంచిగున్నదని రాయున్రి. లేకుంటె మాటొచ్చేది మీకే."

నిజమే. ఆగస్టులో భూపతి ఫోన్ చేసి స్వాగతం ఫ్లెక్సీకి ఫోటోలు కావాలన్నాడు. ఈ ఊళ్లో ఫ్లెక్సీకి ఫోటో అడిగితే కాదన్నవాళ్లెవరు? ఎంత పెద్ద ఫ్లెక్సీ అని అడుగుతారుగానీ ఎందుకని అడగరు. అనసూర్య మార్తా దరఖాస్తులో ఉన్న ఫోటో తీసి పంపింది. దాంతోపాటు తనదీ, పెళ్లి ఆల్బమ్ అంతా వెతికి మంచిది ఏరి మరీ పంపింది.

మార్తాను వెంటబెట్టుకుని మేడ మీది గదికి వెళ్లింది. ఆ పిల్ల మంచం అంచున కూర్చుని ఇంగ్లిషులో మెల్లగా చెప్పింది. "ఆ ఫోటో మా అమ్మ తీసింది. నేను మీకు పంపాను. మీకొక్కరికే." మాటలో కోపం లేదు. అనసూర్యకు ఇందాక భూపతి మీద కలిగిన రోత ఇప్పుడు తన మీదికి తిరిగింది. ఒళ్లంతా జిడ్డు పట్టినట్టు అనిపించింది.

అక్కడే కూర్చుని ఫోనులో రిపోర్టు తెరిచి, ఫ్లెక్సీ సంగతీ కింద హాల్లో జరిగిందీ రాసింది. విద్యార్థి ఫోటోలు బయటివారికి ఇచ్చారా, ఇస్తే ఎవరు, అని ఒక ప్రశ్న ఉంది. "భూపతి" అని కొట్టింది. చెరిపేసి తన పేరు రాసి, పంపేసింది. పావుగంటలో ఆఫీసు నుంచి ఫోను. "ఈ పూటకే ఇంకో ఇల్లు చూడండి. లేకపోతే పిల్లను వాళ్ల దేశం పంపేస్తాం. ఈ నెలాఖరుకు మీ కార్డు తిరిగి ఇచ్చేయండి."

హుస్నాబీ గుమ్మంలోకి వచ్చి, సూట్‌కేసుతో నిలబడ్డ మార్తానూ అనసూర్యనూ చూసింది.

"జాగ సాలదంటిరి గదా మేడం?"

"అప్పుడు గూడ సాలుతుండె హుస్నాబీ. అబద్ధం చెప్పిన. నాకే మీ ఇల్లు నచ్చలే."

హుస్నాబీ మార్తా చేతిలోంచి సూట్‌కేసు అందుకుని లోపలికి చూసి, "ఫరీహా, మంచం వాల్చు" అని కేకేసింది. అనసూర్య చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. గది చిన్నదే. గోడలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"ఆ దినం మీరు గోడలే సూసిన్రు మేడం" అంది హుస్నాబీ. "మీరు పోయిన తెల్లారే పెచ్చులకు సిమెంటు పెట్టి సున్నమేసినం. మల్లొస్తరేమో అని."