ఎక్స్‌రే అంచున వేలు

ముప్పై కిలోల కుక్కను ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కడమంటే ఏమిటో నా నడుమును అడగాలి. ఐదు వారాల పాటు పొద్దునా సాయంత్రమూ నాకు అదే పని. ఎదురింటావిడ తలుపు తీసి చూసి, "కుక్కే నిన్ను ఈడ్చుకెళ్లాలి గానీ నువ్వు దాన్ని మొయ్యడమేంటి" అని నవ్వేది. నేనూ పైకి నవ్వేదాన్ని. లోపల మాత్రం ఏడుపే. ఆ కుంటితనం నా చేతులారా తెచ్చిపెట్టిందేనని మా అక్క తేల్చేసింది మరి.

మిరియానికి అప్పుడు ఏడు నెలలు. పెద్ద జాతి కుక్క, నల్లటి ఒళ్లు, ఎవరు పిలిచినా వెళ్లిపోయే వెర్రి మనసు. పడుకుని లేచినప్పుడల్లా ముందు కుడికాలు నేల మీద ఆనించేది కాదు. నాలుగడుగులు వేశాక సర్దుకునేది. కాసేపు ఆడిందంటే మళ్లీ మొదటికొచ్చేది.

"మెట్లెక్కించావు. నున్నటి గచ్చు మీద గెంతులేయించావు. కుండెడు తిండి పెట్టావు. నా దగ్గరే పెరిగుంటే ఇలా అయ్యేదా?" అంది అక్క ఫోనులో.

అక్క మాటంటే నాకు వేదం. ఇరవై ఏళ్లుగా ఇంటి వెనక దొడ్లో కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్ముతోంది. నేనేమో పశువుల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఇద్దరికీ అన్నం పెడుతున్నది కుక్కలే. అందుకే ఆమె మాట విని గచ్చంతా చాపలు పరిచాను, తిండి కొలిచి పెట్టాను, గుమ్మాలకు అట్టలు అడ్డం కట్టాను, మెట్ల దగ్గర చంకనెత్తుకున్నాను. అయినా కుంటు తగ్గలేదు. అది కాలు ఎత్తి పట్టుకుని నిలబడి నా ముఖంలోకి చూస్తుంటే, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

చివరికి డాక్టరమ్మ ఎక్స్‌రే తీయమంది. నేనే తీశాను. భుజంలో బంతిలా ఉండే ఎముక తల వెనక భాగాన చిన్న గుంట కనబడింది. గోడకు సున్నం పెచ్చు లేచినట్టు, ఎముక మీది మెత్తటి పొర అక్కడ లేచిపోయింది.

"పెచ్చు తీసెయ్యాలి. ఆలస్యమైతే కీలు అరిగిపోతుంది," అంది డాక్టరమ్మ. "రెండో భుజం కూడా కనిపెట్టుకుని ఉండాలి. ఒకదానికొస్తే రెండోదానికీ రావచ్చు."

"మెట్లెక్కించాను మేడమ్. నా తప్పే."

"మెట్లెక్కితే నొప్పి ఎక్కువవుతుంది. తిండి ఎక్కువై గబగబా పెరిగినా చేటే. కానీ ఈ జబ్బుకు విత్తనం చాలామటుకు రక్తంలోనే ఉంటుంది. తల్లిదండ్రుల భుజాలు ఎవరైనా చూశారా?"

"తండ్రికి తీయించాకే అక్క జత కట్టించింది," అన్నాను గర్వంగా.

నిజానికి ఆ గర్వం పాతది. మిరియం తండ్రి పేరు జమీందారు. పేరుకు తగ్గట్టే గేటు దగ్గర కాలు మీద కాలేసుకుని పడుకుంటుంది. దానికి జత కట్టించే ముందు, ఎక్స్‌రే మా ఆసుపత్రిలో తీస్తానని అక్కతో అన్నాను. "వద్దులే చిట్టీ. చెల్లెలు తీసిందంటే జనం నమ్మరు. బయట తీయిస్తా," అంది. ఆ నిజాయితీకి నేను మురిసిపోయి, ఎదురింటావిడకు చెప్పాను, మందుల కొట్టు అతనికి చెప్పాను, వినేదైతే గోడకు కూడా చెప్పేదాన్నే.

"అయితే ఆ ఎక్స్‌రే పట్టుకురా, చూద్దాం," అంది డాక్టరమ్మ.

అక్కను అడిగాను. బీరువాలో ఎక్కడో ఉందంది. మర్నాడు అడిగితే తాళం దొరకడం లేదంది. మూడోసారి, "నన్నే అనుమానిస్తున్నావా?" అంది. నేనే క్షమించమన్నాను. నా బుద్ధి అలాంటిది.

ఆ వారంలోనే ఒక దర్జీ తన కుక్కను తీసుకుని మా ఆసుపత్రికి వచ్చాడు. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. కుక్కను చూడగానే ఎవరి తోబుట్టువో తెలిసిపోయింది. అదే నలుపు, అదే వెర్రి ముఖం. ముందు ఎడమకాలు కుంటుతోంది.

"మాది నేల మీద ఇల్లేనమ్మా. మెట్లే లేవు," అన్నాడు ఆయన బల్ల దగ్గర నిలబడి, నేరం చేసినవాడిలా. "అమ్మినావిడ మాత్రం, మీరు ఎండలో ఎక్కువ నడిపించారు, అందుకే అంటోంది. నేను కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేస్తేగా నడిపించడానికి."

ఆయన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. "తండ్రి భుజాలు బంగారంలా ఉన్నాయని ఇది కూడా ఇచ్చింది."

పిల్లల్ని కొన్నవాళ్లందరికీ అక్క ఇచ్చిన ఎక్స్‌రే నకలు అది. మిరియాన్ని నాకు ఊరికే ఇచ్చింది, సొంత చెల్లెలికి కాగితాలెందుకు. అందుకే నేను దాన్ని చూడటం అదే మొదటిసారి.

వెలుతురు పెట్టె మీద పెట్టాను. చక్కటి భుజం. బంతి ఎముక నున్నగా, గుంట గానీ గీత గానీ లేకుండా ఉంది. పేరూ తేదీ ఉండాల్సిన మూల మాత్రం కత్తిరించి ఉంది. తర్వాత నా చూపు కింది అంచుకు పోయింది. అక్కడ కుక్క పంజా పక్కన మనిషి వేలి ఎముకలు రెండున్నాయి. చిటికెన వేలు. కొస ఎముక పక్కకు తిరిగి ఉంది.

నా వేలు నేను గుర్తుపట్టలేనా.

మిరియం కన్నా ముందు నాకు బొగ్గు అనే కుక్క ఉండేది, అదే జాతి. ఏడేళ్ల కిందట అది ఒకసారి కుంటితే భుజం ఎక్స్‌రే తీశాం. భుజం కనబడాలంటే కుక్కను పక్కకు పడుకోబెట్టి, కింది కాలు ముందుకు లాగి, మెడ వెనక్కి వంచి పట్టుకోవాలి. కిరణాలు తగలకుండా చేతులకు సీసం తొడుగులు వేసుకోవడం నియమం. బొగ్గుకు ఆ తొడుగులంటే చచ్చే భయం. పైగా ఆ రోజు అది అప్పుడే తిండి తిని ఉంది, మత్తు ఇవ్వడానికి లేదు. నా కుక్కే కదా అని ఒక చేతికి తొడుగు తీసేసి, పంజా పట్టుకున్నాను. చెయ్యి తగలగానే అది కదలకుండా పడుకుంది. ఫిల్ము అంచున నా వేలు పడింది. "పదేళ్లు పనిచేసి ఇదా నువ్వు నేర్చుకుంది?" అని డాక్టరమ్మ చెడామడా తిట్టింది. బొగ్గుకు భుజంలో ఏ జబ్బూ లేదు, కండ పట్టేసింది, అంతే.

ఆ ఫిల్ము బొగ్గు మందుల ఫైల్లో ఉండేది. బొగ్గు పోయిన రోజు అక్క పరుగున వచ్చింది. నన్ను గదిలో పడుకోబెట్టి, గిన్నె, దుప్పటి, మెడపట్టీ, ఫైలు, అన్నీ మూటకట్టి తీసుకుపోయింది. "ఇవి నీ కళ్లబడితే ఏడుస్తూ కూర్చుంటావే," అంది. అలాంటి అక్క ఎవరికుంటుందని నెలల తరబడి చెప్పుకున్నాను. ఏడాదిన్నర తిరిగేసరికి మిరియాన్ని తెచ్చి ఒళ్లో పెట్టింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేనని అప్పుడు నాకు తెలియదు.

"ఏంటమ్మా, చెడ్డగా ఉందా?" అన్నాడు దర్జీ.

"లేదండీ. చాలా బాగుంది. కానీ ఇది మీ కుక్క తండ్రిది కాదు," అన్నాను. డాక్టరమ్మ నా వెనక నిలబడి ఉంది. ఆమె కూడా అంచు చూసింది. నా చేతి వంక చూసింది.

ఆదివారం అక్క ఇంటికి వెళ్లాను. వెళ్లాల్సిన పని ముందే ఉంది. మిరియం తల్లి గయ్యాళి మళ్లీ ఎదకొచ్చింది. దాన్ని జమీందారుకే జత కట్టిస్తోంది అక్క. గయ్యాళి పేరు ఊరికే రాలేదు. దగ్గరకొచ్చిన ప్రతివాణ్నీ కరుస్తుంది, నేను పట్టుకుంటే తప్ప నిలబడదు. పోయినసారీ నేనే పట్టుకున్నాను. మిరియాన్ని కుంటిదాన్ని చేయడంలో నా చెయ్యి అంతవరకూ ఉంది.

అక్క దొడ్లో తొట్లు కడుగుతోంది. "ఎండెక్కకముందే కానిచ్చేద్దాం రా," అంది వెనక్కి తిరక్కుండానే.

దర్జీ ఇచ్చిన నకలు తీసి ఆమె ముందు పెట్టాను. "ఇది ఎవరి భుజం అక్కా?"

"జమీందారుది. ఎందుకు?"

అంచున వేలు పెట్టి చూపించాను. ఎక్స్‌రేలో వేలు, దాని పక్కన నా వేలు. రెండూ ఒకే వంకర.

అక్క చేతిలో గొట్టంలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ వంకర ఆమెకు తెలియనిది కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆటలో నా వేలు నలిగేలా తలుపు ధడాలున వేసింది తనే. చెయ్యి కుళాయి కింద పెట్టి నాకంటే ఎక్కువ ఏడ్చింది. గాలికి తలుపు పడిందని అమ్మతో చెప్పింది. నేనూ అవునన్నాను. అమ్మ పోయేదాకా గాలి అనే అనుకుంది.

"భుజం ఒక్కటే చూశాను. అంచు చూడలేదు," అంది.

"జమీందారుకు అసలు తీయించనే లేదా?"

"తీయించాను."

"ఏం కనబడింది?"

"పాత గుంట. చిన్నప్పుడు రెండు నెలలు కుంటింది. తర్వాత బాగానే పరిగెత్తింది కదే. దానికోసం అంత కుక్కను మూల కూర్చోబెట్టమంటావా?"

అంటే తెలుసు. తెలిసే జత కట్టించింది. తెలిసే నా ఒళ్లో పెట్టింది. తెలిసే ఐదు వారాలు ఫోనులో నన్ను తిట్టింది.

"నాకు కూడానా అక్కా?" అన్నాను.

"ఉన్నవాటిలో మంచిదాన్నే ఏరి నీకిచ్చాను. అదీ కుంటుతుందని నాకు కలొచ్చిందా?"

"మరి నా మెట్ల వల్లేనని ఎందుకన్నావు?"

"నువ్వు మెట్లెక్కించలేదా ఏం?" అని, వెంటనే గొంతు తగ్గించి దగ్గరకొచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. "చిట్టీ, ఆ వేలు నీదని నువ్వు చెబితే తప్ప ఎవరికీ తెలియదు. బొగ్గు ఎలాగూ పోయింది. దాని భుజాల పుణ్యాన ఏడు పిల్లలు మంచి ఇళ్లకు చేరాయి. ఈ ఒక్కసారికి గయ్యాళిని పట్టుకో. మళ్లీ జమీందారు జోలికి వెళ్లను, ఒట్టు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రెండో చెయ్యి కూడా వెనక్కి పెట్టుకున్నాను. గొలుసుతో కట్టిన గయ్యాళి నా వంక చూసి తోక ఊపింది. ప్రపంచంలో అది తోక ఊపేది నన్ను చూసే.

"నేను పట్టుకోను. నన్ను అడిగినవాళ్లకు ఆ వేలు నాదేనని చెబుతాను, అడగనివాళ్లకూ చెబుతాను. ఆ ఏడు పిల్లల్లో ఇంకా కుంటనివి ఉంటాయి. ఇప్పుడే ఎక్స్‌రే తీస్తే వాటికి కీలు అరక్కముందే చూసుకోవచ్చు."

"సొంత అక్క పరువు తీస్తావా?"

గేటు దాకా వచ్చాక ఒక్కటే అడిగాను. ఆ మాట అడగాలని ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు అనుకోలేదు. "బొగ్గు సామాన్లు తెచ్చావు కదా. దాని మెడపట్టీ ఉంటే ఇవ్వు, తీసుకెళ్తాను."

అక్క నిజంగానే ఆలోచించింది. నుదురు ముడిచి, తొట్ల వైపు, కొట్టం వైపు చూసింది.

"ఏ మెడపట్టీ?" అంది.

ఫైలు భద్రంగా దాచుకుంది. మిగతా మూట దారిలోనే ఎక్కడో పారేసి ఉంటుంది. గేటు వేసి, అక్కడే నిలబడి దర్జీకి ఫోన్ చేశాను. పిల్లల్ని కొన్న మిగతా ఇళ్లు ఆయనకు తెలిసినంతవరకు చెప్పమన్నాను. ఆయన ఒక్కొక్కటే చెబుతున్నాడు, నేను అరచేతిలో రాసుకుంటున్నాను. వెనక అక్క, చిట్టీ, చిట్టీ అని పిలుస్తూనే ఉంది.

"ఎవరో పిలుస్తున్నట్టున్నారమ్మా," అన్నాడు దర్జీ.

"గాలికి తలుపు కొట్టుకుంటోందండీ, మీరు చెప్పండి," అన్నాను.