ఫ్రీజరు కరిగిన సెలవుల్లో

వేసవి సెలవులు ముగిసి యూనివర్సిటీ తెరిచిన రోజు పొద్దున్న, మెట్ల దగ్గరే మట్టి మేడమ్‌కి ఆ వాసన తగిలింది. తడిసి ముక్కిన గోనెసంచి వాసన. ఆమె సూక్ష్మజీవుల శాస్త్రం చెబుతుంది. ముక్కే ఆమెకు సగం పరికరం. ఇంకా పై అంతస్తుకు చేరకముందే తన ల్యాబులో ఏదో చెడిపోయిందని తెలిసిపోయింది.

పొలం గట్ల మీద తిరిగి సంచుల్లో మట్టి మోసుకొస్తుందని తోటి అధ్యాపకులు ఆమెకు ఆ పేరు పెట్టారు. పెట్టడం వెక్కిరింపుగానే పెట్టారు గానీ, ఆమె దాన్ని ఇంటిపేరులా మోసింది. ఉప్పు తేలి గడ్డి కూడా మొలవని చవుడు నేలల్లో, అక్కడొకటి ఇక్కడొకటి మొండిగా నిలిచే పప్పుమొక్కల్ని వెతికేది. వాటి వేర్లకు ఆవగింజలంత బుడిపెలుంటాయి. ఆ బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు తిండి పెడతాయి. ఉప్పులోనూ చావకుండా ఆ పని చేసే వాటిని ఏరగలిగితే, బీడుపడ్డ నేలలో రైతు మళ్ళీ విత్తనం చల్లుకోవచ్చు. ఇదీ ఆమె ఆశ. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టింది. ఇప్పుడు రంగు వేసుకోవడం కూడా మానేసింది.

అలా ఏరి తెచ్చినవన్నీ చిన్న చిన్న సీసాల్లో, పెద్ద ఫ్రీజరులో గడ్డకట్టి ఉండేవి. ఫ్రీజరు విదేశీ ప్రాజెక్టువాళ్ళిచ్చింది. వాళ్ళు వచ్చారు, గది కట్టించారు, ఇత్తడి ఫలకం బిగించారు, ఫొటోలు దిగారు, గడువు తీరగానే చేతులు దులుపుకుని వెళ్ళారు. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషిని మాత్రం ఎవరూ వేయలేదు. ఏనుగునిచ్చి అంకుశం మరిచినట్టయింది.

గది తలుపు తీసే ఉంది. తెరిచిన ఫ్రీజరులోంచి కారిన నీళ్ళు నేలంతా. ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న, అందరూ గడ్డం అని పిలిచే పెళ్ళయిన మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో నీళ్ళు బకెట్లోకి పిండుతున్నాడు.

"ట్రాన్స్‌ఫార్మర్ పేలిందట మేడమ్. సెలవులిచ్చిన మర్నాడే."

"జనరేటర్ ఉంది కదా?"

"అది ఉంది. ఆన్ చేసే మనిషే సెలవు మీద వెళ్ళాడు."

"అలారం?"

"మోగిందట. గేటు దాకా వినబడిందట. వాచ్‌మన్ అంబులెన్స్ అనుకున్నాడట."

ఆమెకు నవ్వు రాబోయింది. అది ఆపుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఇంకో గుడ్డ అందుకుంది.

ఆ వారమంతా ఇద్దరూ ఒక్కో సీసాలోంచి చుక్క తీసి గాజు పళ్ళేల్లో గీసి, ఏదైనా మొలుస్తుందేమోనని చూశారు. వేసవిలో మూసిన గది కుంపటిలా కాగిపోయింది. చాలా పళ్ళేలు వెలవెలబోయాయి. మొలిచిన కొన్నిట్లో బూజు, ఎక్కడివో తెలియని దిక్కుమాలిన పురుగులు. ప్రతి పళ్ళెం వెలుతురుకి ఎత్తి చూడటం, పక్కన పెట్టడం. చివరికి ఎత్తి చూడటం కూడా మానేశారు.

డిపార్టుమెంటు హెడ్డుగారు కబురు పెట్టారు. చెడ్డ మనిషి కాదు. ఖాళీలు నింపకపోవడంతో ముగ్గురి పాఠాలు తానే చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయినవాడు.

"కొత్త ఫ్రీజరు కావాలని రాద్దామా మేడమ్?"

"ఫ్రీజరుకేం, నిక్షేపంలా ఉందండీ. కరెంటు రాగానే మళ్ళీ చల్లబడింది. లోపల పెట్టడానికే ఏమీ లేదు."

"మరేం అడగమంటారు?"

"మనిషిని అడగండి."

"మనిషిని ఎవరిస్తారమ్మా! యంత్రమిస్తే దానికో ఫలకం బిగించుకోవచ్చు. మనిషికి ఎక్కడ బిగిస్తారు?"

మేడమ్ ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండానే మంచం మీద వాలిపోయింది. బడిలో డ్రాయింగు చెప్పే భర్త, కూర పొయ్యి మీద నుంచి దించి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోనీ వదిలేయరాదూ? పాఠాలు చెప్పుకో. జీతానికి అది చాలదా?"

"పాఠం చెప్పాలన్నా చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ. లేకపోతే బొమ్మ గీసి ఈత నేర్పినట్టే."

"నా బతుకంతా బొమ్మ గీయడమేగా," అన్నాడాయన. ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. కానీ ఆ రోజు ఆమెకి తిండి సహించలేదు.

మర్నాడు ఖాళీ సీసాలు కడుగుతూ కడుగుతూ గడ్డం చటుక్కున ఆగాడు. "మేడమ్, వసపిట్టకి కొన్ని ఇచ్చాం గుర్తుందా?"

వసపిట్ట ఆమె పాత విద్యార్థిని. నోరు మూతపడదు కనుక ఆ పేరు. దూరాన చిన్న ఊళ్ళో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతోంది. ప్రాక్టికల్స్‌కి చూపించడానికి కావాలంటూ కొన్నాళ్ళ క్రితం ప్రాణం తీస్తే, పోరు పడలేక మేడమ్ తన సూక్ష్మజీవుల్లో కొన్నిటికి నకళ్ళు తీసి ఇచ్చింది. ఆ కాలేజీలో ఫ్రీజరు కాదు కదా, సరైన బీరువా కూడా లేదు. ఇన్నాళ్ళు బతికుంటాయా? అయినా ఫోన్ చేసింది.

"ఉండకేం మేడమ్! అన్నీ కాదనుకోండి, కొన్ని పోయాయి, ఓసారి పిల్లి తోసేసింది, కానీ మిగతావి రాళ్ళలా ఉన్నాయి, మీరు రండి, వచ్చి చూడండి, అసలు మీరెప్పుడూ మా కాలేజీకి రాలేదు తెలుసా!"

గడ్డాన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది; బస్సులో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. కాలేజీ ల్యాబంటే విరిగిన బెంచీలు దాచుకునే గది. సీసాలు శుద్ధి చేయడానికి వంటింటి ప్రెషర్ కుక్కర్. తడి ఇసుక పోసిన మట్టి తొట్టిలో నిలబెట్టిన గాజు గొట్టాలు. ఫ్రీజరు లేదు కాబట్టి పిల్లలు వంతులేసుకుని, నెల తిరగ్గానే ప్రతిదాన్నీ పాత గొట్టంలోంచి కొత్త గొట్టంలోకి మారుస్తున్నారు. బద్ధకించకుండా అప్పుడప్పుడూ మొక్క వేరుకి పట్టించి, మళ్ళీ బుడిపెలోంచి తీస్తున్నారు.

"నంబర్లు పిల్లల నోటికి తిరగలేదు మేడమ్, ముద్దుపేర్లు పెట్టుకున్నారు. ఇది మొండిది. ఇది తిండిపోతు. ఇదిగో, ఇది అలిగింది, నాలుగు రోజులు బతిమాలితే గానీ మొలవదు."

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో గొట్టం చూసింది. బతికే ఉన్నాయి. తెల్లగా, జిగటగా, శుభ్రంగా. కానీ తాను ఇచ్చినవి మామూలువే. గట్టివన్నీ, ఎంత ఉప్పుకైనా తలవంచనివన్నీ, తన దగ్గరే దాచుకుంది. అవే పోయాయి. వాటిలో మేలైనది దొరికిన పొలం ఇప్పుడు రొయ్యల చెరువు. మళ్ళీ తెద్దామన్నా ఆ నేల లేదు. ఆ సంగతి తెలిసిన గడ్డం వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. అతని థీసిస్ సగం ఆ మేలైనదాని మీదే ఉంది.

"అన్నీ తీసుకెళ్ళిపోతారా మేడమ్?" అంది వసపిట్ట. పుట్టాక మొదటిసారి అంత చిన్న గొంతుతో మాట్లాడింది. ఆమె వెనక పిల్లలు తొట్టికి అడ్డంగా నిలబడ్డారు, తమకు తెలియకుండానే.

"ఎక్కడికి తీసుకెళ్ళనే? నాకు నకళ్ళు చాలు. అసలువి మీవే."

మధ్యాహ్నమంతా దీపం మంట దగ్గర కూర్చుని నకళ్ళు తీశారు. పని మేడమ్ చేయలేదు, పిల్లలే చేశారు. వాళ్ళ చేతులు వణకడం లేదు. ఆమెకి ఈ మధ్య వణుకుతున్నాయి.

తిరుగు బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని గడ్డం నోరు విప్పాడు. "విత్తనాల కంపెనీవాళ్ళు రమ్మంటున్నారు మేడమ్. ఇంట్లో కూడా వెళ్ళమనే అంటున్నారు."

"వెళ్ళు నాయనా. నేనేమీ అనుకోను." ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. ఇంకొకర్ని పట్టుకుని ఆపే ఓపిక ఆమెలో మిగల్లేదు.

అతను వెళ్ళలేదు. వానలు పడ్డాక ఇద్దరూ మళ్ళీ చవుడు నేలలు పట్టుకు తిరిగారు. మునుపటంత మేలైనది దొరకలేదు. దొరికినవాటితోనే, అనుకున్నదానికన్నా ఆలస్యంగా, అనుకున్నదానికన్నా చిన్న థీసిస్ రాశాడు. పట్టా వచ్చింది. యూనివర్సిటీలో ఉద్యోగం రాలేదు.

ఫ్రీజరు సగం ఖాళీగానే నడుస్తోంది. ఈసారి మేడమ్ ఏది దొరికినా, మేలైనవి ముందుగా, చుట్టుపక్కల కాలేజీలకి పంచడం మొదలుపెట్టింది. దానికి హెడ్డుగారు సరేనన్నారు గానీ బండి ఇవ్వలేకపోయారు. అందుకని బస్సుల్లోనే తిరుగుతోంది.

మొన్న కొత్తగా ఒప్పుకున్న కాలేజీకి వెళ్ళింది. అక్కడ పాఠాలు చెప్పే అమ్మాయి మొహమాటంగా నించుంది.

"మా దగ్గర ఏమీ లేవు మేడమ్. కరెంటు కూడా ఒక్క పూటే ఉంటుంది."

"పిల్లలు రోజూ వస్తారా?"

"వస్తారండీ."

"అయితే చాలు. ముందొక కుర్చీ వెయ్యమ్మా, కూర్చుని చెబుతాను."